భూస్థిర కక్ష్య – చార్మినార్ నడినెత్తి

సందేహం: నేను విజ్ఞాన కల్పన కథలు రాస్తుంటాను. కొత్త కథలో 'గ్రహాంతరవాసుల నౌక భూస్థిర కక్షలో, సరిగ్గా చార్మినార్ నడినెత్తిన ఆగి ఉంది' అని రాశాను. రాతప్రతి చూసిన మిత్రుడు 'కక్ష'ను 'కక్ష్య'గా దిద్దాడు. సంస్కృతంలో 'కక్షా' ఉంది కదా! ఏది సరైనది? 'భూస్థిర' అనాలా, 'భూసమకాలిక' అనాలా?

సమాధానం: మీ మిత్రుడి దిద్దుబాటే నిలుస్తుంది. అలాగని మీ ఆధారం తప్పు కాదు. ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో గ్రహాలు తిరిగే దారికి 'కక్షా' అనే వాడారు. హిందీలో నేటికీ అదే మాట. అది తెలుగులోకి వస్తే 'కక్ష' కావాలి. కానీ తెలుగులో 'కక్ష' అంటే పగ. కక్ష కట్టడం, కక్ష తీర్చుకోవడం, కక్షసాధింపు అందరి నోళ్లలోనూ ఉన్న మాటలు. 'నౌక భూమి కక్షలో ఉంది' అని చదవగానే పాఠకుడికి ముందు తట్టేది పగే. యవత్తు చేరిస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

పైగా 'కక్ష్య' ఎంత చక్కని మాటో చూడండి. రాజభవనంలో ఒకదాని తర్వాత ఒకటిగా దాటుకుంటూ పోయే ముంగిళ్లను కక్ష్యలు అంటారు. అయోధ్యకాండలో రాముడు కౌసల్య మందిరానికి వెళ్తుంటే, రెండో కక్ష్యలో వేదవిదులైన వృద్ధ బ్రాహ్మణులు, మూడో కక్ష్యలో ద్వారం కాచే స్త్రీలు కనిపిస్తారు. చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు అంటూ భూమి చుట్టూ మన పూర్వులు వరుసగా ఊహించిన దారులకు ఇంతకన్నా అతికే పేరు నాకు తోచదు.

ఇక అసలు చిక్కు 'భూస్థిర'తో. భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి తన చుట్టూ తాను తిరిగే సమయంలోనే ఒక చుట్టు పూర్తిచేసే దారి అది. అందుకే కింద ఉన్న మనకు ఉపగ్రహం కదలనట్టు కనిపిస్తుంది. ఇలాంటి ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని 1945లో వ్యాసం రాసిన ఆర్థర్ సి. క్లార్క్ తర్వాత విజ్ఞాన కల్పన రచయితగా పేరు పొందాడు. మీ బాటవాడే!

హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీలు ఉత్తరాన ఉంది. భూస్థిర కక్ష్యలోని నౌక చార్మినార్ నడినెత్తికి రానే రాదు. మన డాబాల మీది టీవీ డిష్షులు దక్షిణానికో ఆగ్నేయానికో మొహం పెట్టి ఉండేది అందుకే.

భూసమకాలిక కక్ష్యలో చుట్టు సమయం అదే అయినా, దారి భూమధ్యరేఖకు ఏటవాలుగా ఉండవచ్చు. అప్పుడు నౌక ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతూ ఆకాశంలో 8 అంకె గీస్తుంది. సరైన ఏటవాలు ఉంటే రోజుకోసారి చార్మినార్ మీదికి వస్తుంది, ఆగదు. భూమినంతా వెతికే వేగునౌకైతే ధ్రువాల మీదుగా పోయే 'ధ్రువ కక్ష్య' రాయండి. కింద భూమి తిరుగుతుంటే ఊళ్లన్నీ వాటంతటవే దాని కిందికి వస్తాయి.

కక్ష్య అన్నాక తిరగడమే. మీ నౌక యంత్రబలంతో చార్మినార్ మీద నిలిచి ఉందనుకుంటే 'కక్ష్య' మాటే తీసేయండి. కల్పనకు ఆ హక్కు ఉంది. కక్ష్యే కావాలంటే ఇలా రాసి చూడండి: 'నౌక భూస్థిర కక్ష్యలో ఉంది. చార్మినార్ దగ్గర నిలబడి చూస్తే దక్షిణాన, నడినెత్తికి కాస్త దిగువన కనిపిస్తోంది. చుక్కలన్నీ పడమటికి జారిపోతున్నాయి. అదొక్కటే కదలడం లేదు.'