నాక్స్ సెన్సర్ మార్చినా మళ్ళీ అదే కోడ్: టైరు పొక్లెయిన్‌లో ఏం చూడాలి?

రాజాం దగ్గర చెరువు పనిలో ఉన్న మీ టైరు పొక్లెయిన్‌కి నాక్స్ సెన్సర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంతున్నాయో చూసేది) కోడ్ వచ్చిందనీ, కొత్తది వేయించినా వారం తిరక్కుండా మళ్ళీ లైటు వెలిగి పవర్ పడిపోతోందనీ రాశారు. ఇంకో సెన్సర్ కొనాలా, లేక పక్కవాళ్ళు చెబుతున్నట్టు పొగను శుభ్రం చేసే ఆ యూరియా సిస్టమ్ మొత్తం పీకించేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. ముందు ఒక 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బూ, ఒక మల్టీమీటరూ తెచ్చుకోండి.

నా బండి కూడా టైర్లదే. 2023 ఎండాకాలంలో నౌపడ ఉప్పు మళ్ళ పక్కన కాలవ పూడిక తీస్తున్నాం. పొద్దున్న స్టార్ట్ చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. పావుగంటో ఇరవై నిమిషాలో పనిచేశాక లైటు వచ్చేది. ఇంకాసేపటికి పవర్ కట్. బకెట్ మట్టిలో దిగితే ఇంజిన్ మూలగడమే గానీ లేచేది కాదు. సర్వీసు కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టి చూసి ఎస్‌పీఎన్ 3226, ఎఫ్‌ఎమ్‌ఐ 9 అన్నాడు. మొదటి నంబరు ఏ భాగమో చెబుతుంది, రెండోది ఏ రకం లోపమో. 3226 అంటే ఎస్‌సీఆర్ (యూరియా నీళ్ళతో పొగలో నాక్స్‌ని తగ్గించే క్యాటలిస్టు) దాటాక పొగ గొట్టం చివర ఉండే నాక్స్ సెన్సర్. మార్చేద్దామన్నాడు, మార్చేశాం. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు అదే లైటు, అదే కోడ్.

టెక్కలిలో లారీలకి వైరింగ్ పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ల్యాప్‌టాప్ లేదు, ఏమీ లేదు. సెన్సర్ కనెక్టరు ఊడదీసి, తాళం ఆన్ చేయించి, వైరింగ్ వైపు సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మీటరు పెట్టారు. సరిగ్గా 24 చూపించింది. “బాగానే ఉంది కదా” అన్నాను. ఆయన మాట్లాడకుండా అవే రెండు పిన్నులకి హెడ్‌లైట్ బల్బు తగిలించారు. బల్బు వెలగలేదు. ఆరిపోతున్న నిప్పుకణికలా లోపల తీగ ఒక్కటి ఎర్రబడిందంతే. “బావూ, సెన్సరు పోనేదు. దానికి నువ్వు కూడెట్టనేదు” అన్నారు.

అసలు సంగతి ఇదీ. నాక్స్ సెన్సర్ ముక్కు లోపల పింగాణీ ముక్క, దాన్ని కాల్చే హీటరూ ఉంటాయి. సుమారు 800 డిగ్రీలకి వేడెక్కితేగానీ అది పనిచేయదు. చల్లటి గొట్టంలో తేమ ఉండగా వేడి చేస్తే పింగాణీ పగులుతుంది కాబట్టి, పొగ బాగా వేడెక్కేదాకా కంప్యూటర్ ఆ హీటర్ని ఆన్ చేయదు. నా బండికి ఆ పావుగంట వ్యవధి అందుకే. హీటరు ఆన్ కాగానే కరెంటు గట్టిగా లాగుతుంది. వైరు లోపల రాగి కుళ్ళి రెండు మూడు పోగులే మిగిలి ఉంటే వోల్టేజీ కుప్పకూలి, సెన్సర్ బాక్సు ఆగిపోతుంది. కంప్యూటర్‌కి కబురు అందదు. ఎఫ్‌ఎమ్‌ఐ 9 అన్న మాటకి అర్థమే అది: సమాచారం రావాల్సిన వేళకి రావడం లేదు అని. మనిషి దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే మనిషే పోయాడనుకున్నట్టుంది మా లెక్క.

వైరు వెంట వెనక్కి వెళితే, క్లాంపు కింద రాసుకుపోయిన చోట ఇన్సులేషన్‌కి గోరంత గాటు. కోసి చూస్తే లోపల రాగి లేదు, పచ్చటి పొడి రాలింది. ఉప్పు నీటి మహిమ. కొత్త సెన్సర్ బిగించేటప్పుడు వైరు కదిలి పోగులు కాస్త తగులుకున్నాయి, అందుకే ఆ మూడు రోజుల ముచ్చట. జానెడు వైరు మార్చి, హీట్ ష్రింక్ తొడిగారు. పాత సెన్సర్ని తిరిగి పెట్టించాను. అదే ఈరోజుకీ నడుస్తోంది, కొత్తది డబ్బాలో ఉంది.

మీది చెరువు పని, ఉప్పు ఉండదు. కానీ పొలాల పక్కన బండి నిలిపితే ఎలకలున్నాయి. పంట కోతలయ్యాక వాటికి బండి వైర్లే గతి. ఇంజిన్ వెనక లూమ్, అంటే వైర్ల కట్ట వెళ్ళే గొట్టం మొత్తం చేత్తో తడుముతూ చూడండి. ఇంకో మాట, బల్బు పరీక్ష సప్లై, ఎర్త్ పిన్నులకే. పక్కనున్న క్యాన్ వైర్లకి (సెన్సర్ కంప్యూటర్‌కి కబురు పంపే రెండు వైర్లు) పొరపాటున తగిలిస్తే కంప్యూటర్‌కే ఎసరు. ఏ పిన్ను ఏదో వైరింగ్ బొమ్మ చూసుకున్నాకే చేయి పెట్టండి. మీటరు సూది పిన్ను లోపలికి కుక్కొద్దు, పిన్ను వెడల్పయిందంటే అదో కొత్త ఫాల్టు. క్యాన్ వైర్లని చూడాలంటే బ్యాటరీ కట్‌ఆఫ్ తీసేసి, తొమ్మిది పిన్నుల స్కానర్ సాకెట్లో సీ, డీల మధ్య ఓమ్‌లు కొలవండి. 60 దగ్గర ఉండాలి. 120 చూపిస్తే ఒక చివర తెగినట్టు, సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఒకదానికొకటి అంటుకున్నట్టు.

మీరు కోడ్ పూర్తిగా రాయలేదు. 3226 కాకుండా 4364 గానీ 3364 గానీ వస్తుంటే కథ వేరు. మొదటిది ఎస్‌సీఆర్ సరిగా పనిచేయడం లేదని, రెండోది డీఈఎఫ్ నాణ్యత బాగాలేదని. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతోంది, తప్పు డీఈఎఫ్ డబ్బాలో ఉంది. మనవాళ్ళు యాడ్‌బ్లూ అనీ యూరియా నీళ్ళనీ అనే డీఈఎఫ్‌లో యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. ఇది విని “ఓస్, ఇంతేనా” అని 45 కిలోల ఎరువు బస్తా విప్పి బోరు నీళ్ళలో కలిపేవాళ్ళని కళ్ళారా చూశాను. 2015 నుంచి మన దగ్గర ఎరువు యూరియా మొత్తానికీ వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, బోరు నీటిలోని సున్నం కలిసి ఫిల్టరునీ, ఇంజెక్టరునీ, చివరికి క్యాటలిస్టునీ తినేస్తాయి. రిఫ్రాక్టోమీటరుతో చూస్తే 32 చూపించొచ్చు, ఎందుకంటే అది పాళ్ళు చెబుతుందిగానీ నూనె సంగతి చెప్పదు. గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూడండి. మంచిది నీళ్ళలా తేటగా ఉంటుంది. మసకగా ఉన్నా, పైన జిడ్డు తేలినా ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. మంచి డబ్బానైనా రేకుల షెడ్డులో ఎండకి పెడితే పాడవుతుంది. 35 డిగ్రీల్లో దాని ఆయుష్షు ఆరు నెలలే.

ఆపరేటర్ల అలవాటు ఒకటి చెప్పకుండా ఉండలేను. తాళం తీసిన మరుక్షణం బ్యాటరీ కట్‌ఆఫ్ తిప్పేస్తారు, దొంగల భయం. ఇంజిన్ ఆగాక డీఈఎఫ్ పంపు ఒకటి రెండు నిమిషాలు తిరిగి, పైపులో మిగిలిన డీఈఎఫ్‌ని ట్యాంకులోకి లాగేసుకుంటుంది. మధ్యలో కరెంటు తీసేస్తే పైపులో మిగిలింది ఎండి తెల్లటి గడ్డ కడుతుంది. మా వాడికి ఇది నాలుగుసార్లు చెప్పినా వినలేదు. ఇంజెక్టరు విప్పి పటికముక్కలా పేరుకున్నదాన్ని చేతిలో పెట్టాక విన్నాడు.

పీకించేయడం గురించి. చైను పొక్లెయిన్ వాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతారు, వాళ్ళకి ఈ బాధ లేదు. ఈ పొగ కాలుష్య నిబంధనలు చక్రాల బళ్ళకి: 2021 ఏప్రిల్ 1 నుంచి స్టేజ్ 4, 2025 జనవరి 1 నుంచి స్టేజ్ 5. మీ బండి రిజిస్ట్రేషన్ ఉన్నది కాబట్టి కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. అది అలా ఉంచినా, ఎమ్యులేటర్ (అంతా బాగుందని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పే పెట్టె) పెట్టించుకున్నా వైరు కుళ్ళు కుళ్ళుగానే ఉంటుంది. రేపు అదే లూమ్‌లో ఇంకో సెన్సర్ పోతే ఎవరూ కోడ్ చూసి చెప్పలేరు.

పాత సెన్సర్ పారేయకండి. ఎఫ్‌ఎమ్‌ఐ నంబరెంత, లైటు స్టార్ట్ చేసిన ఎంతసేపటికి వస్తోంది, వర్షం పడ్డ రోజు తేడా ఉంటోందా, ఈ మధ్య బకెట్‌కి వెల్డింగ్ చేయించారా, చేయిస్తే బ్యాటరీ తీశారా, ఇవి రాయండి. బల్బు పూర్తిగా వెలిగిందో ఎర్రబడిందో కూడా రాస్తే తర్వాత ఎక్కడ వెతకాలో చెబుతాను.