జిల్లా యూనివర్సిటీ ఎదిగిందా లేదా? చివరి బస్సు ఎన్నింటికో అడగండి

ప్రశ్న: "మా జిల్లా యూనివర్సిటీ ఏటా వార్షిక నివేదికలో ఎంతో ప్రగతి చూపిస్తోంది. నిజంగా ఎదుగుతోందో లేదో బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఊరివాళ్ళం, పాత విద్యార్థులం ఏమైనా చెయ్యగలమా?"

లైబ్రరీ సాయంత్రం ఎన్ని గంటలకు మూస్తారో, గేటు ముందు నుంచి చివరి బస్సు ఎన్నింటికి వెళ్తుందో కనుక్కోండి. నా ఉద్దేశంలో ఈ రెండూ తెలిస్తే నివేదిక సగం చదివేసినట్టే. కొత్త భవనాలు, ఒప్పంద పత్రాలు, సెమినార్ల ఫొటోలు తర్వాత చూడొచ్చు.

2006 నుంచి 2008 దాకా ఉమ్మడి రాష్ట్రంలో వరసగా జిల్లా యూనివర్సిటీలు పెట్టారు. కడపలో యోగి వేమన, రాజమండ్రిలో ఆదికవి నన్నయ, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, ఆ తర్వాత నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్, నెల్లూరు, కర్నూలు, మచిలీపట్నం, ఎచ్చెర్ల. వీటిలో చాలావాటికి పునాది అంతకుముందు ఉన్న పీజీ సెంటర్లే. ఈ తరం యూనివర్సిటీల్లోనే ఒకదాంట్లో నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఏ ఒక్కదాని కథో కాదు, మిగతావాటిలో చదివిన స్నేహితులు కూడా ఇలాంటివే చెప్తారు.

మా క్యాంపస్ పట్నానికి బాగా దూరం, హైవే పక్కన. అమ్మాయిల హాస్టల్లో సీట్లు తక్కువ, అందుకే మాలో సగం మంది ఊళ్ళ నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళం. ల్యాబ్ అయ్యేసరికి నాలుగున్నర. గేటు దగ్గర ఆగే చివరి పల్లెవెలుగు 5 దాటగానే వెళ్ళిపోయేది. తర్వాత వచ్చేవన్నీ ఎక్స్‌ప్రెస్‌లు. మా గేటు వాటికి స్టేజీ కాదు కాబట్టి ఆగవు. అమ్మాయిలంతా వెళ్ళిపోయాక ఎవరూ ఉండరని లైబ్రరీ కూడా 5కే మూసేవాళ్ళు. నెట్, జేఎల్ (జూనియర్ లెక్చరర్), డీఎస్సీ లాంటి పోటీ పరీక్షల పుస్తకాలన్నీ రిఫరెన్సు విభాగంలో ఉండేవి, ఇంటికివ్వరు. క్లాసులు, ల్యాబులు పోగా ఆ పుస్తకం తెరిచే టైమే మాకు దొరికేది కాదు. లైబ్రరీ ఉంది, పుస్తకాలున్నాయి, చదవాలన్న కోరికా ఉంది. లేనిదల్లా చీకటి పడ్డాక ఇంటికి చేరే దారి.

ఆ ఏడాది వార్షిక నివేదికలో లైబ్రరీకి కొత్తగా కొన్న పుస్తకాల సంఖ్య వేశారు. గేటుకు కట్టిన ఆర్చ్ ఫొటో పేజీ నిండా వేశారు. మేం నలుగురం ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం బస్సు సంగతి అడిగితే, "రవాణా మన పరిధిలోకి రాదమ్మా" అన్నారు. హాస్టల్ సీట్లు పెంచమని అడిగితే అది ప్రభుత్వం చేతిలో ఉందన్నారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

గేటుకు ఎదురుగా టీ కొట్టు ఉండేది. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. "ఇక్కడ ఏడ్చి లాభం లేదమ్మా, డిపోకి పోండి" అన్నది ఆయనే. పొద్దున్నే ఆ కొట్లో పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ హిందీ మాస్టారు ఒకాయన అప్పటికప్పుడు కాగితం తీసుకుని అర్జీ రాసిచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. మాస్టారు, బాబాయ్, మాలో కొందరం కలిసి డిపోకి వెళ్ళాం. డిపో మేనేజరు ఓపిగ్గా విన్నారు. "బస్సు వెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. యూనివర్సిటీ నుంచి ఒక లెటర్ తెండి, ఏ ఊరికి ఎంతమంది ఎక్కుతారో లిస్టు తెండి. నెల రోజులు నడిపి చూస్తాను, కలెక్షన్ లేకపోతే తీసేస్తాను" అన్నారు.

లిస్టు ఒక్క పూటలో తయారైంది. లెటర్ మాత్రం వారాలు పట్టింది. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పోయింది, వెనక్కి వచ్చింది, సార్ మీటింగ్‌లో ఉన్నారు, సార్ హైదరాబాద్ వెళ్ళారు. చివరికి మాస్టారు తెల్ల పంచె కట్టుకుని వచ్చి ఆఫీసు వరండాలో కూర్చున్నారు. లోపలికి పిలిచినప్పుడు ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదండీ, పెట్టనని రాసివ్వండి. అది పట్టుకుపోతాను." ఆ సాయంత్రానికే లెటర్ మా చేతికి వచ్చింది.

డిపో వాళ్ళు నెల రోజులు చూద్దామని రాత్రి ఏడున్నరకు బస్సు వేశారు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. మా దగ్గర ఉన్నవన్నీ స్టూడెంట్ పాసులు. బస్సు నిండా మేమే ఉన్నా కండక్టరు చేతిలో టికెట్లు తెగవు. నెలాఖరుకు కలెక్షన్ చూస్తే బస్సు ఖాళీగా తిరిగినట్టే కనపడుతుంది. బాబాయ్‌కి ఈ లెక్క మాకంటే ముందే అర్థమైంది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పి పెట్టాడు. పట్నంలో కూరగాయలు, పూలు అమ్ముకుని ఆటోల్లో తిరిగొచ్చే ఆడవాళ్ళు రాత్రి ఏడున్నర బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. పాలకేంద్రానికి వెళ్ళొచ్చేవాళ్ళు, ఆస్పత్రి నుంచి వచ్చేవాళ్ళు అందరూ డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని ఎక్కారు. "అమ్మాయిల బస్సు నిలబడాల" అని ఒక పూలమ్మే పెద్దమ్మ నాతో అంది. యూనివర్సిటీ మెట్టు కూడా ఎక్కని మనిషి ఆమె. ఆ బస్సు నిలబడింది.

బస్సు ఖాయమయ్యాక లైబ్రేరియన్ సార్‌ని అడిగాం. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి, అదనంగా పనిచేస్తే పైసా రాదు. అయినా ఏడింటి దాకా తెరిచి ఉంచారు. మా బ్యాచ్‌లోనూ మా తర్వాతి బ్యాచ్‌లోనూ సర్కారు ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయిల్లో ఎక్కువమంది ఆ టేబుళ్ళ దగ్గర చదివినవాళ్ళే. నేను జూనియర్ కాలేజీలో పాఠం చెప్తున్నానంటే ఆ రెండు గంటల చలవే. తర్వాతి వార్షిక నివేదికలో మాత్రం ఈ బస్సు గురించి ఒక్క వాక్యం లేదు.

అందుకే నివేదిక ఎలా చదవాలని మీరు అడిగితే నాకు తెలిసింది చెప్తాను. న్యాక్ (చదువుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఏటా దానికి ఏక్యూఏఆర్ అనే నాణ్యత నివేదిక పంపాల్సి ఉంటుంది, అది వెబ్‌సైట్లోనూ పెట్టాలి. రంగుల పుస్తకం పక్కన పడేసి దాన్ని తెరవండి. మంజూరైన పోస్టులెన్ని, పూర్తికాలం అధ్యాపకులెంతమంది అని ఒక గడి ఉంటుంది. చివరి పరీక్ష అయిన రోజు నుంచి ఫలితాలిచ్చిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో ఇంకో గడి. రోజుకు లైబ్రరీ వాడుకున్నవాళ్ళెంతమందో మరొకటి. ఈ మూడూ వరసగా కొన్నేళ్ళవి పక్కపక్కన పెట్టి చూడండి. పూర్తికాలం అధ్యాపకుల అంకె తగ్గుతూ, ఫలితాలకు పట్టే రోజులు పెరుగుతూ ఉంటే మిగతా పేజీల్లో ఏం రాసినా నమ్మక్కర్లేదు.

అధ్యాపకుల సంగతి ఎత్తితే నాకు ఆగదు. ఒక్క రెగ్యులర్ ప్రొఫెసర్ కూడా లేకుండా గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే విభాగాలున్నాయి. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే మనిషి పరిశోధన ఎప్పుడు చేస్తాడు, పీహెచ్‌డీ విద్యార్థిని ఎలా నడిపిస్తాడు? పైన నడిపించేవాళ్ళ పరిస్థితీ అంతే. 2024 మే నెలలో తెలంగాణలో పది యూనివర్సిటీల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిసింది, కొత్తవాళ్ళు వచ్చేదాకా, అంటే చాలావాటికి అక్టోబరు దాకా, ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జిలు. సొంత శాఖ పనులే తలకు మించి ఉన్న అధికారి ఒక చిన్న యూనివర్సిటీ ఫైలు ఎంతసేపు చూడగలరు? పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసినప్పుడు ఆలోగా కొత్తవాళ్ళను ఎందుకు వెయ్యరో నాకు ఎవరూ చెప్పలేదు.

జిల్లా యూనివర్సిటీల దృష్టంతా పరీక్షల మీదే ఎందుకుంటుందంటే వాటికి సొంతంగా వచ్చే డబ్బు అక్కడే ఉంది. జిల్లాలో ఉన్న డిగ్రీ కాలేజీలన్నీ వీటికి అనుబంధం. అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు అక్కడి నుంచి వస్తాయి. రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంట్ జీతాలకే సరిపోదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిధులు రావాలంటే యూజీసీ చట్టం 12బి సెక్షన్ కింద గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపుకు భవనాలు, శాశ్వత అధ్యాపకులు కావాలి, వాళ్ళను నియమించాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి. యూనివర్సిటీ ఇక్కడ ఇరుక్కుపోయేసరికి క్యాంపస్‌లో కూర్చుని చదువుకునే పిల్ల ఆఖరి వరసలోకి పోతుంది. నాలాంటివాళ్ళు గట్టిగా అరవాల్సింది ఈ విషయం మీదే.

ఇక ఊరివాళ్ళ సాయం. మన దగ్గర ఇది కొత్త కాదు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం (ఇప్పుడు ఒడిశాలో ఉంది) మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు అందేలా ఏర్పాటు చేశారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దేవస్థానం స్థలమిచ్చి ఆదుకుంది. ఇలాంటి పెద్ద దానాలు విన్నాక మామూలు మనుషులు మనవల్ల ఏమవుతుందని వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. టికెట్ కొనుక్కుని బస్సెక్కిన ఆ పూలమ్మే పెద్దమ్మ చేసింది నా దృష్టిలో మహారాజు దానానికి ఏం తీసిపోదు.

చెయ్యగలిగినవి చెప్తాను. క్యాంపస్ దగ్గర ఊళ్ళలో ఖాళీ గదులుంటే అమ్మాయిలకు న్యాయమైన అద్దెకు ఇవ్వండి. హాస్టల్ కట్టేదాకా వాళ్ళ చదువు ఆగదు. డిపోకి ఒక అర్జీ పెట్టండి, పాసులవాళ్ళ లిస్టుతో పాటు టికెట్ కొనే ఊరివాళ్ళ లిస్టు కూడా జత చెయ్యండి, మర్చిపోవద్దు. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని వెబ్‌సైట్లో కనపడకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు జిరాక్స్ తీసి మీ ఎమ్మెల్యేకి, మీ జిల్లా విలేకరికి ఇవ్వండి. ఖాళీల అంకె పేపర్లో పడితే కనీసం ఒక సమీక్షా సమావేశమైనా జరుగుతుంది.

పాత విద్యార్థులైతే సంఘానికి డబ్బు పంపేటప్పుడు ఏ పనికో రాసి పంపండి, రశీదు అడిగి తీసుకోండి. ఆర్చ్‌కి, విగ్రహానికి, సన్మాన సభకి అడిగితే ఇవ్వమని చెప్పండి. మా బ్యాచ్‌వాళ్ళం ఏటా రిఫరెన్సు విభాగానికి పోటీ పరీక్షల పుస్తకాలు కొని పంపుతాం. లైబ్రరీ వాళ్ళు స్టాంపు వేసి పుస్తకాల పట్టిక పంపితేనే తర్వాతి విడత కొంటాం. మొన్న పంపిన పట్టికలో రెండు పుస్తకాలు తగ్గాయి, ఫోన్ చేసి అడిగితే బీరువాలో దొరికాయి.