రెండు డిస్కులూ గంటే తీసుకున్నాయా?

అల్లుడూ,

రాత్రి నీ మెసేజ్ చూశాను. "రెండు డిస్కుల మీదా ట్రేస్ నడిపాను మామయ్యా, రెండూ గంటలోనే ముగించాయి, తేడా ఏం లేదు" అన్నావు. ట్రేస్ అంటే ఒక డిస్కుకి వచ్చిన చదువు, రాత రిక్వెస్టుల రికార్డే కదా. గంటసేపు రికార్డు చేసినదాన్ని ఎఫ్‌ఐఓ (డిస్కులను పరీక్షించే ప్రోగ్రాం) అదే టైమింగుతో వదిలితే గంట కాక ఎంత పడుతుందిరా? అమీర్‌పేటలో మనం తినే టిఫిన్ సెంటర్ గుర్తుందిగా. చెయ్యి తిరిగిన దోసె మాస్టరున్నా, కొత్తవాడున్నా కౌంటరు పదకొండింటికే మూస్తారు. తేడా ప్లేటు కోసం నిలబడ్డవాడికి తెలుస్తుంది.

కాబట్టి మొత్తం సమయం వదిలెయ్. ఒక్కో రిక్వెస్టుకి పట్టిన సమయం, అంటే లేటెన్సీ చూడు. సగటుతో సరిపెట్టుకోకు, 99వ పర్సంటైల్ (నూటికి తొంభైతొమ్మిది రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో అది) తియ్యి. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కుకి ఒక చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు కావాలి. ఎస్‌ఎస్‌డీకి ఆ బాధ లేదు గానీ లోపల గార్బేజ్ కలెక్షన్ (పనికిరాని పాత డేటా చెరిపి చోటు ఖాళీ చేసుకోవడం) మొదలైతే ఉన్నట్టుండి కాసేపు నత్తలా నడుస్తుంది. సగటులో అది దాక్కుంటుంది.

టైమింగు తీసేసి, అంటే రీప్లే నో స్టాల్ ఆప్షను పెట్టి కూడా ఒకసారి నడుపు. ఏది ఎంత లాగగలదో అప్పుడు బయటపడుతుంది. ఎఫ్‌ఐఓకి ఐఓ డెప్త్ (ఒకేసారి ఎన్ని రిక్వెస్టులు పంపి ఉంచాలో ఆ లెక్క) చెప్పడం మర్చిపోకు. ఒకటయ్యాక ఒకటి పంపితే ఎంత ఖరీదైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయినా ఖాళీగా కూర్చుంటుంది. లిబ్‌ఏఐఓ (ఒకటి పూర్తయ్యేదాకా ఆగకుండా తర్వాతిది పంపే పద్ధతి) పెట్టి డెప్త్ పెంచు. వచ్చిన అంకెను మాత్రం మీ మేనేజరుకి అలాగే చెప్పెయ్యకు. అసలు డేటాబేసు లాగ్ రాత పూర్తయ్యాకే కమిట్ (పని ఖాయమైంది) అంటుంది. ఏది దేనికోసం ఆగిందో ట్రేస్‌లో ఉండదు, కాబట్టి రీప్లే అలా ఆగదు.

అందులో ముఖ్యంగా ఉండేది ఏ సెక్టారు, ఎంత సైజు, ఎప్పుడు, చదువా రాతా అన్నదే. రాసిన డేటా ఉండదు. ఎఫ్‌ఐఓ తనకు తోచింది పోస్తుంది. డేటాని కుదించే కంప్రెషన్, ఒకే డేటాని రెండోసారి దాచని డీడూప్ ఉన్న స్టోరేజీ మీద ఈ పోలిక నేనైతే నమ్మను.

పార్క్‌లేన్‌లో కొన్న ఆ కొత్త ఎస్‌ఎస్‌డీని కవరు విప్పగానే కొలిచావు కదూ? అసలు రాయని చోట చదవమంటే అది ఫ్లాష్ దాకా వెళ్లకుండానే జవాబిచ్చేస్తుంది. ముందు ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నింపి, అప్పుడు మొదలుపెట్టు. బీఎల్‌కేట్రేస్ (ట్రేస్ తీసే ప్రోగ్రాం) రికార్డును కొలిచే డిస్కు మీదే రాయకు, దాని రాతలు కూడా ట్రేస్‌లోకి వచ్చి పడతాయి.

ఇక నా ఘనకార్యం. ఆఫీసులో తీసిన ట్రేస్‌ని ఇంటికి తెచ్చి, రీప్లే రీడైరెక్ట్ (ఏ డిస్కు మీద నడపాలో చెప్పే ఆప్షను) పెట్టకుండా నడిపాను. అది పెట్టకపోతే రికార్డు చేసినప్పటి మేజర్, మైనర్ నంబర్లున్న (లైనక్స్ ఒక్కో డిస్కుకి ఇచ్చే గుర్తింపు నంబర్లు) డిస్కు మీదికే వెళ్తుంది. అక్కడ 8:16 అంటే టెస్టు డిస్కు. మా ఇంట్లో 8:16 అంటే మీ అక్క ఓణీల ఫంక్షన్ ఫొటోలున్న డిస్కు. మౌంట్ చెయ్యకుండా తగిలించి ఉంచాను, అడ్డుచెప్పే దిక్కు లేదు. రాతలన్నీ నిజంగానే రాసేసింది. మీ అత్తయ్య ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథే చెబుతుంది. నువ్వు రీడైరెక్ట్ పెట్టు, డిస్కు పేరు బై-ఐడీ పాత్‌తో (మోడల్, సీరియల్ నంబరు ఉండే పేరుతో) ఇవ్వు, సీరియల్ నంబరు కళ్లారా చూసుకున్నాకే ఎంటర్ నొక్కు.

ఆదివారం లేటెన్సీ లాగులు పట్టుకుని ఇంటికి రా. ఒక్కో డిస్కు మీద మూడుసార్లయినా నడిపి తీసుకురా.

మీ మామయ్య