బోషమ్‌లో కారు ఎక్కడ పెట్టాలి? ముందు పోటు వేళ చూసుకోండి

"శనివారం దక్షిణ ఇంగ్లండ్‌లో చిచెస్టర్ పక్కనున్న బోషమ్ వెళ్తున్నాం. నీళ్ళ పక్కనే కారు పెట్టుకోవచ్చా? ఊరు చూడ్డానికి ఒక్క పూట చాలా?" అని అడిగారు. నీళ్ళ పక్కన మాత్రం పెట్టకండి. ఊరి వెనక బోషమ్ లేన్‌లో డబ్బు కట్టే కారు పార్కు ఉంది, అక్కడి నుంచి రేవు నాలుగడుగులే.

ఉప్పుటేటి తలను చుట్టుకుంటూ షోర్ రోడ్డు వెళ్తుంది, పోటు వేళ అది నీట మునుగుతుంది. ఆటు వేళ చూస్తే మామూలు రోడ్డే. పక్కన ఖాళీ జాగా, ఎదురుగా బురదలో ఒరిగిన పడవలు. కానీ తారు అంచున పట్టిన నాచు, గోడ మొదట్లో చిక్కుకున్న సముద్రపు పాచి చూడండి. ఎదురిళ్ళ గుమ్మాలు మెట్లెక్కి వెళ్ళేంత ఎత్తులో ఎందుకున్నాయో అర్థమవుతుంది. హెచ్చరిక బోర్డులున్నా, ఆ కాస్త పార్కింగ్ రుసుము మిగుల్చుకోవాలని అక్కడే ఆపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దారి చూపే యాప్‌లకైతే ఆ రోడ్డు రోజంతా రోడ్డే. పోటు లెక్క తెలియని పటం ఈ ఊళ్ళో దేనికి పనికొస్తుంది?

ఇక్కడ పోటు రావడమూ వేరే తీరు. ఎక్కడానికి సుమారు 7 గంటలు, దిగడానికి 5. మొదట్లో నెమ్మదిగా ఎక్కుతుంది, మధ్యలో దాదాపు ఆగినట్టుంటుంది, ఆఖరి మూడు గంటల్లో ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. మొదటి నెమ్మది చూసి, ఇంకా టైముందిలే అని భోజనానికి కూర్చుంటారు. అలల చప్పుడు ఉండదు. రోడ్డులో పల్లం ఎక్కడుందో నీరు అక్కడ ముందు చేరుతుంది, కారుకు ముందూ వెనకా దారి మూసుకుపోయాక చక్రాల దగ్గరికి వస్తుంది. ఉప్పునీరు లోపలి వైర్లకూ సీట్ల కింది కనెక్టర్లకూ తగిలిందంటే నీరు దిగినా బండి కోలుకోవడం కష్టం. నీళ్ళలో ఉండగా స్టార్ట్ చేయబోతే ఇంజను నీళ్ళు పీల్చి పూర్తిగా పోవచ్చు. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తుంటారు. యజమానిని వెతికి చెప్పేవాళ్ళు తక్కువ, అదే బాధ.

పోటు పట్టికలో ముందు చూడాల్సింది ఎత్తు. ఈ ఏరు కలిసే చిచెస్టర్ హార్బర్ మొగ దగ్గర పెద్ద పోటు సగటున 4.9 మీటర్లు, చిన్న పోటు 4.0. మన పంచాంగం చూసినా పట్టుబడుతుంది: పౌర్ణమి, అమావాస్య వెళ్ళిన రెండో రోజుకి పోటు బాగా పెరుగుతుంది. ఈ తీరంలో పెద్ద పోట్లు ఎప్పుడూ మధ్యాహ్నం 12, అర్ధరాత్రి 12 అటూ ఇటూనే పడతాయి, అంటే సరిగ్గా సందర్శకులు వచ్చే వేళకే. పట్టిక జీఎంటీలో (అక్కడి చలికాలపు గడియారంలో) ఉంటే ఎండాకాలం ఒక గంట కలుపుకోవాలి. పెద్ద పోటు రోజుల్లో పోటుకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా షోర్ రోడ్డు జోలికే వెళ్ళొద్దు.

ఇక ఊరంటే రేవూ చర్చీ మాత్రమే అనుకోకండి. బోషమ్ పారిష్ (పంచాయతీ లాంటిది) ఒక ద్వీపకల్పం: పడమర బోషమ్ చానల్, తూర్పున ఫిష్‌బోర్న్ వైపు పోయే చానల్. పూర్వం ఏటి లోయలుగా ఉన్నవి సముద్రమట్టం పెరిగి మునిగాయి. ఉత్తరాన ఏ259 రోడ్డు, బ్రాడ్‌బ్రిడ్జ్, రైల్వే స్టేషన్ కూడా ఈ పారిష్‌లోవే. స్టేషన్ నుంచి రేవుకి నడక సుమారు 2 కిలోమీటర్లు. రైల్లో వస్తే పార్కింగ్ బెంగే లేదు.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన కథను బొమ్మలుగా కుట్టిన పొడవాటి గుడ్డ, బేయూ టేపెస్ట్రీలో, ఆ యుద్ధంలో ఓడిన ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ అంతకుముందు ఓడెక్కి బయల్దేరేది ఈ ఊరి నుంచే. అతని మనుషులు బట్టలు ఎగగట్టి, వట్టి కాళ్ళతో, వేటకుక్కల్ని చంకనెత్తుకుని నీళ్ళలో నడిచి ఓడెక్కుతారు. ఆ బొమ్మ చూశాక ఈ లోతులేని ఒడ్డు చూస్తే ఊరు వెయ్యేళ్ళుగా ఎందుకిలా ఉందో తెలుస్తుంది.

ఇసుక బీచి కావాలంటే ఇది మీ ఊరు కాదు, హార్బర్ మొగ దగ్గరి వెస్ట్ విట్టరింగ్‌కి వెళ్ళండి. ఇక్కడి బురద పర్రలో పిల్లల్ని దిగనివ్వకండి, కాలు కూరుకుపోతుంది.

ఒక్క పూట చాలదు. ఆటు వేళ వచ్చి చర్చి, రేవు పక్క పచ్చిక చూసి, పోటు పూర్తయ్యేదాకా ఉండండి. ఓపికుంటే దక్షిణాన బోషమ్ హో దాకా నడిస్తే ఇచ్చెనార్‌కి చిన్న పడవ దొరుకుతుంది. అది తప్పితే అవతలి ఒడ్డుకి చిచెస్టర్ చుట్టూ తిరిగి వెళ్ళాలి. చలికాలంలో ఆ పడవ రోజూ ఉండదు, బయల్దేరే ముందే కనుక్కోండి.