వార్డులో సీనియర్ నర్సులతో పేచీ: కొత్తగా వచ్చిన మన పిల్లలకు

ఈసారి బ్రిటన్ వచ్చిన నల్లగొండ, పాలమూరు పిల్లల దగ్గర్నుంచి ఒకటే తీరు ప్రశ్నలు వస్తున్నాయి. దేవరకొండ వైపు చెల్లె ఒకామె ఇక్కడి యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోంది. "అక్కా, పొద్దున్నుంచి రాత్రిదాకా పేషెంట్ల ఒళ్లు తుడిపిస్తున్నారు, పక్కలు మార్పిస్తున్నారు. సీనియర్ నర్సు నా మొహం కూడా చూడదు. ఇంత అప్పుచేసి వచ్చింది ఈ పనికేనా?" అని ఆమె బాధ. వనపర్తి నుంచి వచ్చిన ఇంకొకామెది అటువైపు గోడు. హైదరాబాద్‌లో ఐసీయూలో ఏండ్ల తరబడి చేసి, ఇక్కడి పరీక్షలు గట్టెక్కి, పిన్ నంబరు (ఇక్కడ నర్సుగా పని చేయడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) తెచ్చుకుంది. "సెకండియర్ పిల్ల నన్ను నిలబెట్టి, ఈ మందు ఎందుకిస్తున్నావని అడుగుతుందక్కా. మన దగ్గరైతే నోరెత్తేదా?" అంటుంది.

ఇద్దరి బాధకూ మూలం ఒక్కచోటే ఉంది. మన పెద్దాసుపత్రుల్లో క్లినికల్ పోస్టింగుకు వెళ్లిన పిల్లలు బీపీలు చూస్తారు, సెలైన్లు మారుస్తారు, రక్తం తీస్తారు. స్టాఫ్ నర్సుకు వాళ్లు చేతికిందికి వచ్చిన మనుషులు. అరిచినా, తిట్టినా, ఆ పిల్లలు లేకపోతే ఆమెకు పూట గడవదు. ఇక్కడ స్టూడెంట్‌ను సిబ్బంది లెక్కలో వేయకూడదు. దీన్నే సూపర్‌న్యూమరరీ అంటారు. అంటే నువ్వు వచ్చినందుకు ఆ నర్సుకు పేషెంట్లు ఒక్కరు కూడా తగ్గరు. తన మందులు, తన రాతపని, తన ఫోన్లు అట్లనే ఉండగా నీకు నేర్పడం పైపని. అదీగాక నీకు అప్పజెప్పిన పనిలో తేడా వస్తే, అప్పజెప్పినందుకు ఆమె జవాబు చెప్పుకోవాలని ఎన్‌ఎంసీ (ఇక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ) కోడ్‌లోనే ఉంది. ఆమె చిరాకులో సగం తన పిన్ గురించిన భయం. అది అర్థమైతే ఆమె మొహం చిట్లించినప్పుడల్లా బాత్రూంలోకి పోయి ఏడ్వాల్సిన పని ఉండదు.

నియమాలన్నీ ఎన్‌ఎంసీ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకోండి. మేం వచ్చిన కొత్తలో ఇట్లా విడమరిచి చెప్పేవాళ్లు లేరు. అయినా నిలబడ్డాం, ఇండ్లు కొనుక్కున్నాం, ఊళ్లో అప్పులు తీర్చాం. ఇప్పటి పిల్లల చేతిలో ఫోనుంది, అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ వార్డులో ఎట్లా మసలుకోవాలో ఫోను చెప్పదు కాబట్టి అదొక్కటి చెబుతాను.

ముందు ఆ ఒళ్లు తుడిచే పని సంగతి. చెల్లె, అది ఆయాపని అనుకుంటున్నావు చూడు, నువ్వు నష్టపోతున్నది అక్కడే. పేషెంటును పక్కకు తిప్పినప్పుడు తోకఎముక మీద, మడమల మీద చర్మం చూడు. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే సరే. నొక్కినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదటి దశ. మనలాగా చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. అక్కడ చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో ఉంటే అనుమానించాలి. అదే సమయంలో కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టిన సన్న గొట్టం) దగ్గర వాపుందా, యూరిన్ బ్యాగులో రంగు మారిందా, పక్కకు తిరిగేటప్పుడు ఆయాసపడుతున్నాడా అన్నది కూడా కనబడుతుంది. అరగంటలో ఇంత సమాచారం ఇంకే పనిలోనూ దొరకదు. తుడవడం అయ్యాక నర్సు దగ్గరికి పోయి, "ఆరో బెడ్డు పెద్దాయన కుడి మడమ మీద నొక్కినా పోని ఎరుపుంది, కాలు కింద దిండు పెట్టి మడమను పైకి లేపాను, మీరొకసారి చూస్తారా?" అని చెప్పు. ఆమె వచ్చి చూస్తుంది, చార్టులో రాస్తుంది. అప్పుడే, నీకు వచ్చిన పనులకు సంతకాలు తీసుకునే డాక్యుమెంట్ చూపించి, "ఇది నా డాక్యుమెంట్‌లో చర్మ సంరక్షణ కింద సంతకం పెడతారా?" అని అడుగు. అదే పని నోరు మూసుకుని చేసి వెళ్లిపోతే ఎవరి లెక్కలోకీ రాదు.

సీనియర్లకు స్టూడెంట్ల మీద నమ్మకం పోయేది ఎక్కువగా ఊపిరి లెక్క దగ్గర. నిమిషం నిండా ఛాతీ చూస్తూ లెక్కపెట్టమంటే, చాలామంది పిల్లలు కంటితో అంచనా వేసి అందరికీ 16 అనో 18 అనో రాసేస్తారు. ఇక్కడ పేషెంటు పరిస్థితి దిగజారుతోందా అని కనిపెట్టడానికి న్యూస్ 2 చార్టు వాడతారు, మార్కు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. అందులో ఊపిరి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా మార్కు. 21 నుంచి 24 దాకా రెండు, 25, ఆపైన ఉంటే మూడు. ఊపిరి, నాడి, బీపీ లాంటి ఏ ఒక్కదానిలో మూడు వచ్చినా వెంటనే పైకి చెప్పాలి. మొత్తం అయిదు వస్తే అత్యవసరంగా డాక్టరు చూడాలి, ఏడు వస్తే ఎమర్జెన్సీ. నిమిషానికి 26 సార్లు ఆయాసపడే మనిషికి నువ్వు 18 అని రాస్తే, మూడు మార్కులు మింగేసినట్టు. సీనియర్ నర్సు ఆ బెడ్డు పక్క నుంచి పోతూ మనిషిని ఒకసారి, చార్టును ఒకసారి చూస్తుంది. ఆ తర్వాత నువ్వు ఏం రాసినా మళ్లీ తనే చూసుకుంటుంది. నాడి పట్టుకున్నట్టే చెయ్యి మణికట్టు మీద ఉంచి, గడియారం చూస్తూ నిమిషం ఊపిరి లెక్కపెట్టు. పేషెంటుకు తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. రెండు వారాలు ఇట్లా సరిగ్గా రాస్తే, ఆమే పిలిచి పని చూపిస్తుంది.

మందుల రౌండులో ప్రశ్నలు అడగొద్దు. ఎనిమిదింటి రౌండులో ఆమె ఎర్ర ఏప్రాన్ వేసుకుందంటే ఆటంకం కలిగించవద్దని అర్థం. నీ సందేహాలు చిన్న పుస్తకంలో రాసుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు కాస్త నెమ్మదించినప్పుడు మూడు నాలుగు ఒకేసారి అడుగు. ఆ పుస్తకంలో పేషెంటు పేరు, పుట్టినతేదీ రాయకూడదు. హ్యాండోవర్ కాగితం (షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల వివరాలు రాసుకునేది) డ్యూటీ దిగేముందు కాన్ఫిడెన్షియల్ వేస్టు డబ్బాలో వేసెయ్. బట్టలతో పాటు ఆ కాగితం ఇంటికి పోతే, బస్సులో జారిపడితే, విషయం యూనివర్సిటీ దాకా పోతుంది.

మన పాలమూరు, నల్లగొండ పిల్లలకు కష్టం అంటే భయం లేదు. మాట్లాడాలంటేనే భయం. అర్థం కాకపోయినా "ఎస్, ఎస్" అని తలూపుతారు. తర్వాత పని జరగదు. సీనియర్ దానికి అబద్ధం అని పేరు పెడుతుంది. చెప్పింది వెంటనే తిరిగి చెప్పడం అలవాటు చేసుకో: "వార్డు రెండో బేలో నలుగురికి అబ్జర్వేషన్స్ (బీపీ, నాడి, ఊపిరి), పది గంటలలోపు, న్యూస్ మార్కు మూడు వచ్చినా దాటినా మీకు చెప్పాలి, అంతే కదా?" ఇట్లా అంటే తప్పు ఉంటే అక్కడే దొరుకుతుంది. పని చెప్పేదాకా గోడకానుకుని నిలబడితే చొరవ లేదని రాస్తారు. మన దగ్గర చెప్పకుండా చెయ్యి పెడితే తిడతారు కాబట్టి ఆగుతాం. ఇక్కడ చెయ్యి పెట్టకుండానే చొరవ చూపించవచ్చు: "ఇప్పుడు అబ్జర్వేషన్స్ చేస్తాను, తర్వాత డ్రెస్సింగు మీతో వచ్చి చూడొచ్చా?" అంటే చాలు. ఇండియాలో కాన్యులా పెట్టిన చేయి అని ఇక్కడ సూది పట్టుకోవద్దు. ఎన్ని ఏండ్ల అనుభవం ఉన్నా స్టూడెంట్ బ్యాడ్జీ మీద ఉన్నన్ని రోజులు స్టూడెంటే. ఇంకొక నర్సు మన భాష వచ్చినామె దొరికిందని పేషెంటు మంచం దగ్గర తెలుగు ముచ్చట పెట్టడం కూడా మానుకోండి. తన గురించే ఏదో అంటున్నారని ఆ ముసలాయన ఫిర్యాదు చేస్తాడు, సీనియర్లు ఆయన పక్కనే నిలబడతారు.

ఇక పైసలు. నా జవాబు ఏదైనా తిరిగి తిరిగి పైసల దగ్గరికే వస్తుందని మన పిల్లలు అంటుంటారు. వస్తుంది మరి. ఇరవై లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి వచ్చినవాళ్లున్నారు. నెలకు నలభై వేలు మిత్తే. నర్సింగ్ డిగ్రీకి 2,300 గంటల ప్రాక్టీసు నిండాలి. జ్వరం వచ్చి మానేసిన గంటలు కూడా తర్వాత చేసి చూపించాలి. ప్లేస్‌మెంట్ (వార్డులో చేసే ప్రాక్టీసు) ఫెయిలై మళ్లీ చేయాల్సి వస్తే కోర్సు పొడుగవుతుంది. ఫీజు, అద్దె, వీసా, ఊళ్లో మిత్తి, అన్నీ దాని వెంట పొడుగవుతాయి. వార్డులో సీనియర్‌తో పడకపోవడం అంటే నాన్న పాసుబుక్కు ఇంకో ఏడాది బ్యాంకులో ఉండిపోవడం. అందుకే పౌరుషం ఒక పక్కన పెట్టి కాగితాలు చూసుకోమంటాను.

మొదటి వారంలోనే నీ ప్రాక్టీస్ సూపర్‌వైజర్ (దగ్గరుండి నేర్పేవారు) ఎవరు, ప్రాక్టీస్ అసెసర్ (పాసా ఫెయిలా తేల్చేవారు) ఎవరు అని పేర్లు కనుక్కో. ఒకే మనిషి నీకు రెండూ కాకూడదు. మొదటి ఇంటర్వ్యూ, మధ్య ఇంటర్వ్యూ, చివరి ఇంటర్వ్యూ, మూడు తేదీలూ ఆ వారమే రాయించుకో. మధ్య ఇంటర్వ్యూ జరగకుండా రోజులు గడిచిపోతే ప్రమాదం. లోపం ఉంటే అక్కడ చెప్పాలి, యాక్షన్ ప్లాన్ రాయాలి, దిద్దుకునే వ్యవధి ఇవ్వాలి. ఆఖరి వారంలో ఒక్కసారిగా "ఈ పిల్లకు రాదు" అన్నారంటే, చాలాసార్లు మధ్యలో ఎవరూ కూర్చుని మాట్లాడి ఉండరు. గంటల సంతకం ఏ రోజుది ఆ రోజే తీసుకో. నెల తర్వాత పోతే ఆ షిఫ్టులో నువ్వున్నట్టు ఎవరికీ యాదికి ఉండదు.

పేచీకి ఇంకో కారణం అలసట. మనవాళ్లు దీన్ని ఒప్పుకోరు. స్టూడెంట్ వీసా మీద టర్ములో వారానికి 20 గంటలే బయటి పని. ప్లేస్‌మెంట్ వారాలు టర్ము లెక్కలోకే వస్తాయి. ప్లేస్‌మెంట్ 37.5 గంటలు, కేర్ హోమ్‌లో (ముసలివాళ్లను చూసుకునే చోట) 20 గంటలు, కలిపితే 57.5. పక్కన నీతో పాటు నిలబడ్డ ఇక్కడి పిల్లకు ఇంగ్లాండ్‌లో ప్రభుత్వం ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల సాయం ఇస్తుంది. నీకది రాదు, కాబట్టి షిఫ్టులు చేయక తప్పదు. కానీ రాత్రి కేర్ హోమ్‌లో నిద్రకాచి పొద్దున ఏడున్నరకు హ్యాండోవర్‌లో నిలబడితే, బెడ్డు నంబర్లు తారుమారు చేస్తావు, మొహం ముడుచుకుంటావు, సీనియర్ దాన్ని ఆసక్తి లేకపోవడం అనుకుంటుంది. లాంగ్ డేకు (పొద్దున్నుంచి రాత్రిదాకా ఉండే షిఫ్టుకు) ముందురోజు రాత్రి షిఫ్టు పెట్టుకోకు. రెండు డ్యూటీల మధ్య 11 గంటలు ఉండేట్టు చూసుకో. నైట్ షిఫ్టులో వచ్చే వంద చిల్లర పౌండ్ల కోసం ప్లేస్‌మెంట్ పోగొట్టుకుంటే ఆ లెక్క ఏ చిట్టీతోనూ పూడదు.

వనపర్తి అమ్మా, ఇప్పుడు మీ సంగతి. ఆ పిల్ల అడిగింది మిమ్మల్ని తక్కువ చేయడానికి అనుకోవద్దు. అనుమానం వస్తే అడిగి తీరాలని వాళ్లకు మొదటి ఏడాది నుంచే నేర్పుతారు. మందు పేరు, ఎందుకిస్తున్నారు, ఇచ్చేముందు ఏం చూడాలి, ఈ మూడూ రెండు వాక్యాల్లో చెప్పండి. గుండెకు ఇచ్చే డిగాక్సిన్ మందు ఇచ్చేముందు నాడి నిమిషం నిండా చూసి, 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టరుకు చెప్పడం మీకు కొట్టినపిండే. అదే ఆమెతో చేయించండి. మన అలవాటు కొద్దీ టీ తెమ్మనడం, ఫార్మసీకి పరుగెత్తించడం వద్దు. రోజంతా అదే చేయిస్తే ఆ పిల్ల రాసి పెడుతుంది, మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. పని చెప్పేటప్పుడు ఏ పని, ఎప్పటిలోపు, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు పిలవాలి అన్నీ చెప్పండి. తప్పు చేస్తే కర్టెన్ బయటికి తీసుకువచ్చి చెప్పండి, పేషెంటు ముందర కాదు. కళ్లతో చూడని పనికి జాలిపడి సంతకం పెట్టొద్దు, కోపంతో చూసిన పనికి సంతకం ఆపొద్దు. రెండూ మీ పిన్ మీదికే వస్తాయి. మీ అప్పు కూడా ఇంకా తీరలేదు కదా.

ఇన్ని చేసినా కావాలనే వేధించే సీనియర్లు ఉంటారు. లేరని నేను చెప్పను. అప్పుడు ఏడుపు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ ఎప్పుడో ఒకప్పుడు వార్డుకు చేరుతుంది. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు అన్నది ఆ రాత్రే ఇంట్లో రాసిపెట్టుకో. ముందు ప్రాక్టీస్ అసెసర్‌తో మాట్లాడు. ఆమెతోనే ఇబ్బంది అయితే యూనివర్సిటీలోని అకడమిక్ అసెసర్‌కు, ఆసుపత్రిలో స్టూడెంట్ల బాధ్యత చూసే ప్రాక్టీస్ ఎడ్యుకేషన్ వాళ్లకు మెయిల్ పెట్టు. ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుల్లో, అంటే ఇక్కడి సర్కారు ఆసుపత్రుల్లో, సిబ్బంది గోడు వినడానికి ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ అని ఒకరుంటారు, నేరుగా వాళ్ల దగ్గరికి పోవచ్చు. ఆర్‌సీఎన్, యూనిసన్ అనే యూనియన్లలో ఏదో ఒకదానిలో స్టూడెంట్ సభ్యత్వం గొడవకు ముందే తీసుకుని ఉండాలి. గొడవ మొదలయ్యాక చేరితే ఆ గొడవలో వాళ్ల సాయం అందకపోవచ్చు.

వేరే వార్డుకు మారుస్తామంటే సంతోషపడి అప్పటికప్పుడు ఒప్పుకోకు. ఇప్పటిదాకా చేసిన గంటలు, పెట్టించుకున్న సంతకాలు కొత్త వార్డులో చెల్లుతాయా, కొత్త అసెసర్ ఎవరు, మధ్య ఇంటర్వ్యూ మళ్లీ జరుగుతుందా అని మెయిల్‌లో అడుగు. కొత్త చోటికి బస్సు చార్జీ వారానికి ఎంతవుతుందో కూడా ఆ రోజే లెక్క చూసుకో. జవాబు రాతలో వచ్చాకే ఒప్పుకో.