చిత్రిక అదురుతుంటే నోరు పెద్దది చేయకండి

ప్రశ్న: సార్, డిగ్రీ అయ్యాక ఏడాదిగా ఫర్నిచర్ పని నేర్చుకుంటున్నా. వేప కొయ్యతో సొంతంగా ఒక చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) చేసుకున్నా. బ్లేడు లారీ కమాను పట్టీతో కొలిమిలో చేయించా. తోస్తుంటే గడగడా అదురుతోంది, పొట్టు నోట్లో (అడుగున బ్లేడు బయటికి వచ్చే సందులో) ఇరుక్కుంటోంది. నోరు ఇంకొంచెం తొలవమని మా మేస్త్రీ అంటున్నారు. ఇనుప చిత్రిక కొనుక్కోవడమే మేలా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: అప్పుడే కొనకండి తమ్ముడూ. నోరు కూడా తొలవకండి. మేస్త్రీ గారి మాట కాదన్నానని అనుకోవద్దు, ఆ పని నేను చేసి చూశాను కాబట్టే చెప్తున్నా. ప్రొద్దుటూరులో మా నాయన దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఇలాగే పొట్టు ఇరుక్కుంటోందని నోరు తొలిచేశా. పొట్టు ధారాళంగా వచ్చింది గానీ, టేకు పలక మీద పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. పొట్టు లేచే చోట నోటి ముందు అంచు చెక్కను అదిమిపట్టి ఉంచాలి. ఆ అంచు దూరమైతే బ్లేడు కోయదు, చీలుస్తుంది. మా నాయన తిట్టలేదు. చింత చేవ ముక్క ఒకటి చెక్కి నోటి ముందు అతికించి ఇచ్చాడు. ఆ చిత్రిక ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

అదురుకు కారణం ఎక్కువసార్లు బ్లేడు కిందే ఉంటుంది. బ్లేడు వెనక వైపు దీపం మసి పూయండి. దాన్ని చోటులో పెట్టి బిగించి, మళ్లీ తీయండి. కొయ్య మీద మసి అంటిన చోట్లు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఉలితో సన్నగా గీకండి. ఇలా పది పదిహేను సార్లయినా చేయాలి, విసుగు పడొద్దు. ముఖ్యంగా నోటి దగ్గర, కింది అంచున, బ్లేడు పూర్తిగా ఆనాలి. పైన మాత్రమే ఆని కింద ఖాళీ ఉంటే ఎంత బిగించినా అదురుతుంది.

తరవాత బ్లేడును పట్టి ఉంచే బిగింపు చెక్క చూడండి. దాని కొన మొద్దుగా ఉంటే పొట్టు అక్కడే తట్టుకుని ఇరుక్కుంటుంది. కొనను కాగితంలా పలచగా చేయండి. నోటి సందు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఉంటే చాలు. నోటికి పైన మాత్రం, పొట్టు బయటికి వచ్చే గొంతు విశాలమవుతూ పోవాలి. బ్లేడు ఏటవాలు 45 డిగ్రీలు మామూలు. గట్టి కొయ్య పనే ఎక్కువైతే తరవాతి చిత్రికకు 50 పెట్టుకోండి.

అడుగు చదును చేయడానికి మన దగ్గర పాలిష్ పట్టిన కడప బండ దొరుకుతుంది కదా, దాని మీద ఎమరీ కాగితం పరిచి రుద్దండి. ముందు బండ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద వెలుతురు కనిపిస్తుందేమో చూసుకోండి. రుద్దేటప్పుడు బ్లేడు బిగించే ఉండాలి, అంచు మాత్రం లోపలికి లాగి ఉంచాలి. బిగింపు ఒత్తిడికి అడుగు కొద్దిగా వంగుతుంది, అందుకని.

ఒకటి మీరు రాయలేదు, ఆ వేప ఎన్నాళ్లు ఆరింది? నీడలో అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. పచ్చి కొయ్యయితే తాడిపత్రి ఎండలకు ఇప్పుడు సరిచేసిందంతా మళ్లీ మెలి తిరుగుతుంది. అలాగైతే ఈ పని ఆరాక చేయండి.

ప్రశ్న: పాత ఆకురాయితో ఉలి చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చేసుకోవచ్చమ్మా, కమాను పట్టీ కన్నా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఆకురాయి గాజులా పెళుసు. ఉన్నదున్నట్టు సుత్తితో కొడితే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. పళ్లు సానపట్టి తీసేసి, ఇనుము మెరిసేలా చేసి, ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. లేత ఎండుగడ్డి రంగు (లేత పసుపు) వస్తే సరే. నీలం వచ్చిందంటే మెత్తబడిపోయినట్టే. సాన చక్రం మీద పట్టేటప్పుడు వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచండి. పిడికి నల్లతుమ్మ వాడండి, చీలకుండా పైన ఇనుప పట్టా ఒకటి తొడగండి.