పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు: విదేశీ స్కాలర్‌షిప్‌లపై మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే, చదువంతా ఒడిశాలోనే. ఎస్సీ వర్గం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది. ఆంధ్రా, తెలంగాణ ప్రభుత్వాలు ఇచ్చే విదేశీ విద్యా సాయానికి పెట్టుకోవచ్చా? శ్రీకాకుళంలో ఉన్న మా మేనత్త తన అడ్రసు వాడుకోమంటోంది.

జవాబు: వాడొద్దు. ఈ పథకాలు భాషను చూడవు, స్థానికతను చూస్తాయి. ఆధార్ అడ్రసు మార్చుకున్నంత మాత్రాన ఒడిశాలోని మీ గజపతి జిల్లాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఆంధ్రాది అయిపోదు. పరిశీలనలో దొరికిపోతే మంచి అవకాశాలూ చెడతాయి.

మీకు సరిగ్గా సరిపోయేది కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఏ రాష్ట్రం వారైనా ఒకటే. మొత్తం 125 సీట్లు, అందులో 30 శాతం మహిళలకు. అర్హత డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ఫీజు కాక జీవన భత్యం బ్రిటన్‌కు ఏటా 9,900 పౌండ్లు, అమెరికాకు 15,400 డాలర్లు. యూనివర్సిటీ క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. ఇవి ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి ఆ ఏడు నోటిఫికేషన్‌నే ప్రమాణంగా తీసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆఫర్ లెటర్ దగ్గర. అది అన్‌కండిషనల్ కావాలి. ‘ఫైనల్ మార్కుల జాబితా అందాక’, ‘ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) 6.5 వచ్చాక’ అని ఒక్క వాక్యం ఉన్నా అది షరతుల ఆఫరే. అందుకే స్కాలర్‌షిప్ దరఖాస్తు పోర్టల్ తెరిచేనాటికి ఐఈఎల్‌టీఎస్ స్కోరు చేతిలో ఉండాలి. అది రెండేళ్లు చెల్లుతుంది. ఇంకోటి, భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకు 2022 నుంచి ఈ పథకం డబ్బివ్వడం లేదు. మీది కెమిస్ట్రీ కాబట్టి ఆ బెంగ లేదు.

ప్రశ్న: రికమండేషన్ ఇచ్చే మా సారుకు కాలేజీ ఈమెయిల్ లేదు, జీమెయిలే ఉంది. (దెగ్లూరు, నాందేడ్ జిల్లా)

జవాబు: కొన్ని యూనివర్సిటీలు జీమెయిల్‌ను ఒప్పుకోవు. దరఖాస్తు పెట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు సంగతి రాసి, కాలేజీ లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో స్కాన్ పంపితే సరిపోతుందేమో అడగండి. యూనివర్సిటీ పోర్టల్ పంపే లింకు సారు స్పామ్‌లో పడొచ్చు. పంపిన రోజే ఫోన్ చేసి చూడమనండి.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరొంచ. మా వాడి పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వరసగా ఉన్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఇంకా పాస్‌పోర్టు తీయలేదు.

జవాబు: తీయకపోవడమే మంచిదైంది. మహారాష్ట్ర బోర్డు సర్టిఫికెట్లో పేరు ‘దుర్గం సంతోష్ పోచయ్య’ అని ఉందనుకోండి (ఊరికే ఉదాహరణకు). ఆధార్‌లో ‘డి. సంతోష్’. పాస్‌పోర్టు ఫారంలో రెండే గడులు: ఇంటిపేరు, ఇచ్చిన పేరు. మొదటిదాంట్లో దుర్గం, రెండోదాంట్లో సంతోష్ పోచయ్య రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత తిప్పలు. అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు చోటికి వెళ్లి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది.

పదో తరగతి సర్టిఫికెట్టునే మూలంగా పెట్టుకోండి. ముందు ఆధార్‌ను దానికి సరిపెట్టి, తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు జీవితంలో రెండుసార్లే, కాబట్టి ప్రతి ఇంగ్లిష్ అక్షరం కూడబలుక్కుని చూడండి. పాస్‌పోర్టు మామూలు ఫీజు 1,500 రూపాయలు. ఆఫర్ లెటర్, వీసా, అక్కడి బ్యాంకు ఖాతా అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరు మీదే నడుస్తాయి.

ఒడిశా వైపు వాళ్లకూ ఒక మాట. ఒడియా రాతలో ‘వ’ తరచూ ‘బ’ అవుతుంది కాబట్టి వెంకటరావు కొన్ని కాగితాల్లో ‘బెంకట రావు’గా తేలతాడు. చిన్న తేడాకు ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ సరిపోవచ్చు. పేరే మారిపోయి ఉంటే గెజిట్ ప్రకటన దాకా వెళ్లాలి, దానికి నెలలు పట్టొచ్చు.

మహారాష్ట్ర కుల ధ్రువపత్రం కావాలంటే ఎస్సీలు 1950 ఆగస్టు 10కి ముందే, ఓబీసీలు 1967 అక్టోబరు 13కి ముందే కుటుంబం ఆ రాష్ట్రంలో ఉందని చూపాలి. గోదావరికి అవతలి నుంచి వచ్చిన ఇళ్లలో తాతగారి బడి రికార్డు వెతకడంతోనే అసలు పని మొదలవుతుంది.

ప్రశ్న: డిగ్రీలో 68 శాతం. జర్మనీకి చాలవంటున్నారు. (రాయగడ)

జవాబు: చాలతాయో లేదో జర్మనీ గ్రేడులోకి మార్చి లెక్క వేసి చూద్దాం. గరిష్ఠ మార్కుల్లోంచి మీ మార్కులు తీసెయ్యండి. దాన్ని, గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపండి. పాస్ మార్కు 40 అయితే 32ను 60తో భాగిస్తాం, గ్రేడు 2.6 వస్తుంది. 36 అయితే సరిగ్గా 2.5. అక్కడ అంకె తగ్గేకొద్దీ మెరుగు, చాలా కోర్సుల కటాఫ్ 2.5 దగ్గరే ఉంటుంది. కాబట్టి పాస్ మార్కు ఎంతో చూపే మార్కుల జాబితా వెనక పేజీ కూడా స్కాన్ చెయ్యండి. అక్కడ లేకపోతే పరీక్షల విభాగం నుంచి లేఖ తెచ్చుకోండి.

రెండేళ్ల ఉద్యోగానుభవం ఉంటే డాడ్ (జర్మనీ విద్యా మార్పిడి సంస్థ) వారి ఈపీఓఎస్ స్కాలర్‌షిప్ చూడండి: నెలకు 992 యూరోలు, చివరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. దరఖాస్తు డాడ్‌కు కాదు, నేరుగా ఆ కోర్సు నడిపే యూనివర్సిటీకి పంపాలి. డాడ్ ఢిల్లీ ఆఫీసుకు పంపితే లెక్కలోకి రాదు.